సముద్రగర్భము బీడు కాదు

హిందూమహాసముద్రపు నడిబొడ్డున, సుమారు 5 కిలోమీటర్ల లోతున, 75,000 చదరపు కిలోమీటర్ల నేలపై భారతదేశమునకు ఖనిజాన్వేషణాధికారము కలదు. నేటి ఆంధ్రప్రదేశ వైశాల్యములో నిది దాదాపు సగము. ఆ నేలపై బంగాళాదుంపలవంటి నల్లని లోహపుటుండలు పఱచినట్లు పడియున్నవి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు అను లోహములు వానియందు గలవు. అచ్చటి యుండల మొత్తము 38 కోట్ల టన్నులని ప్రభుత్వమువారి అంచనా. ఈ సంపదను గూర్చి సభలలోను పత్రికలలోను విశేషముగా ప్రసంగింపబడుచున్నది. అట్టి నేలలను నివాసములుగా జేసికొనియున్న ప్రాణులను గూర్చిన ప్రసంగము మాత్రము మిక్కిలి అరుదు. ఆస్తిపట్టికలో ఇనుపపెట్టె బరువు వ్రాసి, ఇంటిలోని మనుష్యుల పేళ్లు వ్రాయ మఱచినట్లున్నది మన వ్యవహారము. సముద్రగర్భవాసులలో నొకదానిని నేడు పాఠకుల యెదుట నిలుపదలచితిమి.

దాని పేరు జెనోఫయోఫోరు. పరాయి వస్తువులను మోయునదని గ్రీకుభాషలో నీ మాట కర్థము. అది చేప కాదు, పురుగు కాదు, మొక్క కాదు. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. అది ఒక్కటే జీవకణము. మన శరీరము లక్షలకోట్ల కణముల కూడలి. వానిలో పెక్కింటిని సూక్ష్మదర్శిని సాయము లేక చూడజాలము. అట్లుండ, జెనోఫయోఫోరులలో సిరింగమ్మినా అను జాతి, కణ మొక్కటియే అయ్యును, ఇంచుమించు జానెడు, అనగా 20 సెంటీమీటర్ల వఱకు, గూడు కట్టుకొని పెరుగును. స్టానోఫిల్లము అను మఱియొక జాతి మందమున మిల్లీమీటరు మాత్రమే యుండి, వెడల్పున 25 సెంటీమీటర్ల వఱకు ఆకువలె పఱచుకొనును.

కోడిగ్రుడ్డులోని పచ్చసొనయు ఒక కణమే కదా, ఇందేమి వింత యని శాస్త్రపరిచయము గల చదువరులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న యుక్తమే. కాని గ్రుడ్డుసొన రాబోవు పిల్లకై తల్లి కూడబెట్టిన ఆహారరాశి. జెనోఫయోఫోరు అట్లు కాక, తన యాహారమును తానే గ్రహించుచు, తన యింటిని తానే కట్టుకొనుచు, ఆ పరిమాణమున బ్రదుకుచున్నది. కణము పెద్దదైనకొలది దాని నడిమిభాగమునకు ప్రాణవాయువును ఆహారమును చేరుట కష్టమగును. కణములు చిన్నవిగా నుండుటకు గల ముఖ్యకారణములలో నిది యొకటి. ఈ చిక్కును జెనోఫయోఫోరు నేర్పుగా దాటినది. తన జీవద్రవ్యమును ముద్దగా నుంచక, సన్నని గొట్టములలో కొమ్మలు రెమ్మలుగా ప్రాకించినది. అందువలన ఏ భాగమును బయటికి దూరము కాదు. ఒక్క కేంద్రకము చాలదు గనుక అనేక కేంద్రకములను ఆ గొట్టములందంతట నుంచుకొన్నది. గూడంతయు కొలిచి చూచినచో అందు సజీవమైన పదార్థము స్వల్పభాగమే.

ఆ గూటిపనియు చూడదగినది. సముద్రపుటడుగుననున్న యిసుకరేణువులు, బురదపొడి, చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు, స్పంజుల గాజుముండ్లు, వీనిని కూర్చుకొని, తన శరీరమునుండి స్రవించు జిగురుతో అతికి, గోడలు లేపును. కొన్ని జాతులు దొరికినదెల్ల వాడును. కొన్ని ఏరి యేరి ఒకే రకపు సరకు వాడును. సముద్రపు పైభాగమునుండి రాలిపడు జీవశేషములు దాని యాహారము. తన మలమును సయితము బయట పాఱవేయక నల్లని గుళికలుగా గూటిలోనే నిలువ జేసికొనును. సీసము, పాదరసము, యురేనియము వంటి ధాతువులు తనలో కూడుకొన్నను అది బ్రదుకగలదు. ఆ గూటి సందులలో పురుగులును, రొయ్యజాతి చిన్నప్రాణులును, నక్షత్రమీనముల బంధువులును తలదాచుకొనును. పసిఫిక్ మహాసముద్రమున ఒక జాతి చేప తన గ్రుడ్లను ఈ గూళ్లలో పెట్టుచున్నదని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చెట్టు లేని యూరిలో ఆముదపుచెట్టే మహావృక్షమని మనవారు పరిహాసమున కందురు. ఆ బురదమైదానమున ఈ జానెడు గూడు నిజముగనే మహావృక్షము.

ఇట్టి ప్రాణి యేవర్గమునకు జెందినదో నిర్ణయించుటకు విద్వాంసులకు 120 ఏండ్లు పట్టినది. 1882లో స్కాట్లండునకు ఉత్తరమున ట్రైటన్ అను ఆంగ్లనౌక సముద్రపుటడుగును దేవగా సిరింగమ్మినా పైకి వచ్చినది. 1883లో హెన్రీ బ్రాడీ దానిని వర్ణించి, ఫొరామినిఫెరా అను ఏకకణవర్గమున చేర్చెను. 1872 మొదలు 1876 వఱకు భూగోళమును చుట్టివచ్చిన చాలెంజరు నౌక తెచ్చిన నమూనాలను పరిశీలించి, జర్మను విద్వాంసుడగు హెకెల్ 1889లో ఈ తెగలోని ప్రాణులనే స్పంజులని వ్రాసెను. 1904లో షుల్జె అవి స్పంజులు కావని తేల్చి, నేటి నామమును కల్పించెను. 1972లో టెండల్ అప్పటివఱకు తెలిసిన విషయమును క్రోడీకరించెను. తుదకు 2003లో జన్యుపరీక్ష జరిగి, బ్రాడీ తొలుత చెప్పినట్లు అవి ఫొరామినిఫెరా వర్గమువే యని స్థిరపడినది.

ఈ యాలస్యమునకు కారణము విద్వాంసుల మాంద్యము కాదు. ఆ ప్రాణియొక్క సౌకుమార్యము. వల తగిలిన విఱిగిపోవును. బురదను జల్లెడపట్టి కడిగిన పొడియై బురదలోనే కలిసిపోవును. కావున పట్టికలో లేదన్నంత మాత్రమున అడుగున లేదని చెప్ప వీలులేదు. దీపములను ఛాయాచిత్రయంత్రములను లోతునకు దింపి చూచిన పిమ్మటనే వాని విస్తృతి మనకు తెలియవచ్చినది. 2011 జూలైలో పసిఫిక్ లోని మరియానా అగాధమున, 10,641 మీటర్ల లోతున, నేలమీది వాయుపీడనమునకు వేయిరెట్లు మించిన ఒత్తిడిలో అవి కానవచ్చినవి.

హవాయి ద్వీపములకును మెక్సికోకును నడుమ క్లారియన్-క్లిప్పర్టన్ అను పేర విశాలమైన సముద్రభాగము కలదు. లోహపుటుండలకు అది ప్రపంచమున ప్రసిద్ధమైన తావు. అచ్చట కంటికి కనబడు పరిమాణము గల ప్రాణులలో, పలుచోట్ల, జెనోఫయోఫోరులదే అధికసంఖ్య. వానిలో పెక్కు జాతులు ఆ లోహపుటుండలనే పునాదిగా జేసికొని గూళ్లు కట్టును. 2018లో అచ్చటికి పోయిన యాత్రలో దొరికిన 4 క్రొత్త జాతులు 2020లో ప్రకటింపబడినవి. అందొకదానికి, హవాయివారి భాషలో సముద్రమను నర్థము గల మోఅనా శబ్దమును బట్టి, మోఅనమ్మినా యని పేరిడిరి. అబిస్సాలియా అను వేఱొకటి తన గూటిని ఇంచుమించుగా స్పంజుల గాజుముండ్లతోనే కట్టుకొన్నది. మనము లోహపు గనియని చెప్పుకొనుచున్నది ఈ ప్రాణులకు ఊరు.

ఊరిని బీడని పిలిచి స్వాధీనము చేసికొనుట మన దేశమునకు క్రొత్త కథ కాదు. ట్రైటన్ నౌక ఈ ప్రాణిని పైకి తెచ్చిన 1882వ సంవత్సరముననే చెన్నపురి రాజధానిలో అడవుల చట్టము పుట్టినది. తరతరములుగా గ్రామస్థులు పశువులను మేపుకొనుచు, కట్టెపుల్లలు తెచ్చుకొనుచుండిన కొండలును అడవులును దొరతనమువారి నేలలుగా లెక్కింపబడినవి. ఆ లెక్క వ్రాసినవారు కాగితముపై నేలను చూచిరే గాని, నేలపై నున్నవారిని చూడరైరి. ఫలితమేమైనదో పలనాటి పుల్లరి సత్యాగ్రహము చెప్పుచున్నది. 1922లో కన్నెగంటి హనుమంతు నెత్తురు చెప్పుచున్నది. మనుష్యుల కష్టమును, నోరులేని యొక కణముయొక్క స్థితిని మేము ఒక త్రాసున తూచుట లేదు. నివాసులను లెక్కింపక నేలను లెక్కించు బుద్ధి ఒక్కటే యని మాత్రమే చెప్పుచున్నాము. ఆ బుద్ధికి బలియైన జాతి దానిని తాను అభ్యసింపరాదు.

ఇట్లని మేము ఖనిజాన్వేషణకు శత్రువులము కాము. 1981 జనవరి 26వ తేదీన, గణతంత్రదినమున, గవేషణి యను నౌకనుండి మన శాస్త్రజ్ఞులు హిందూమహాసముద్రపు లోహపుటుండలను మొదటిసారి పైకి తీసినపుడు దేశము గర్వించుటకు హక్కు కలదు. 1987లో ఈ రంగమున అగ్రగామియగు పెట్టుబడిదారుగా ప్రపంచమున అన్నిటికంటె ముందు నమోదైనది భారతదేశమే. 2002 మార్చిలో అన్వేషణపు ఒడంబడిక కుదిరినది. విద్యుద్ఘటములకు కావలసిన కోబాల్టునకు మనము పరదేశములపై ఆధారపడియుండుటయు సత్యము. ముడిసరకునకై పరులయెదుట చేయిచాచు దేశము స్వాతంత్ర్యమును సగమే యనుభవించునను వాదమును మేము తేలికగా త్రోసివేయము. అయినను అవసరము అధికమైనకొలది వివేకము తగ్గవలెనను న్యాయ మెక్కడను లేదు. కరవునాడు సయితము రైతు విత్తనపు గాదెను ముట్టడు.

త్రవ్విన నేమగునో తెలియుటకు కొన్ని పరీక్షలు జరిగినవి. 1979లో క్లారియన్-క్లిప్పర్టన్ భాగమున ఒక యంత్రమును నడిపి చూచిరి. 2023లో శాస్త్రజ్ఞులు ఆ తావునకు మరల పోయి, 44 ఏండ్ల నాటి చాళ్లు చెక్కుచెదరక యుండుట గాంచిరి. 2025లో వెలువడిన ఆ నివేదికలో ఊరటయు కలదు, హెచ్చరికయు కలదు. చాళ్లలోనికి తిరిగివచ్చిన ప్రాణులలో మన జెనోఫయోఫోరులున్నవి. నాటుకొని జీవించు పెద్ద జంతువులు మాత్రము ఇంకను మిక్కిలి అరుదు. పెరూ దేశమునకు పడమట 1989లో సముద్రపుటడుగును దున్ని చూచిన మఱియొక చోట, 26 ఏండ్ల పిదపను చాళ్లు కానవచ్చినవి. అందు సూక్ష్మజీవుల వ్యాపారము ఇంకను మందముగనే యుండెను. ఇవి చిన్న పరీక్షలు. చిన్న మడి దున్నగా తేలినదానిని బట్టి జిల్లా యంతయు దున్నిన ఫలితమును నిశ్చయింపరాదు. లోహపుటుండ పెరుగుట పది లక్షల ఏండ్లకు కొన్ని మిల్లీమీటర్లు. దానిని పైకి తీసికొనిపోయినచో, దానిపై గూడు కట్టుకొను ప్రాణికి ఆ పునాది మనుష్యుల లెక్కలో ఎన్నటికిని తిరిగిరాదు.

ముందే మేలుకొనిన తావును ఒకటి చెప్పెదము. స్కాట్లండునకు వాయవ్యమున, సుమారు 1,000 మీటర్ల లోతున, డార్విన్ దిబ్బలను పేర పగడపు దిబ్బలు 1998లో కనుగొనబడినవి. వాని ప్రక్కల సిరింగమ్మినా గూళ్లు సమృద్ధిగా నున్నవి. కనుగొనిన కొలదికాలమునకే, అడుగును ఈడ్చుకొనిపోవు పెద్దవలల గాట్లు అచ్చట కనబడినవి. 2003లో అత్యవసరపు ఉత్తర్వుచేతను, 2004లో శాశ్వతమైన ఉత్తర్వుచేతను ఐరోపా సమాజమువారు ఆ భాగమున అట్టి వలలను నిషేధించిరి. చేపల వ్యాపారము ఐరోపాలో ఆగిపోలేదు. ఒక తావు మాత్రము మిగిలినది. చూచి, తెలిసికొని, విడువవలసినది విడిచి, పట్టవలసినది పట్టుట సాధ్యమే యనుటకు ఇది దృష్టాంతము.

దేశముల యేలుబడికి వెలుపలనున్న సముద్రగర్భము మానవజాతి యుమ్మడి సొత్తని 1982 నాటి సముద్రశాసనపు ఒడంబడిక ఘోషించుచున్నది. దాని పాలనకై జమైకాలోని కింగ్‌స్టన్ నగరమున అంతర్జాతీయ ప్రాధికారసంస్థ 1994 నుండి యున్నది. వ్యాపారముగా త్రవ్వుటకు వలయు నియమావళి అచ్చట 2025 జూలై సమావేశములలోను కుదరలేదు. అంతకు మునుపే, ఆ సంవత్సరము ఏప్రిలులో, ఆ యొడంబడికలో చేరని అమెరికాయొక్క అధ్యక్షుడు తమ దేశపు చట్టమును బట్టియే అనుమతులను త్వరగా నిచ్చుటకు ఉత్తర్వు గావించెను. వేఱొక వైపున ముప్పదికి పైగా దేశములు తగిన జ్ఞానము కలుగువఱకు త్రవ్వకమును ఆపవలెనని కోరినవి. మన పాఠకులలో భూస్వాములు పలువురు. ఊరుమ్మడి చెఱువును బలవంతుడు తన మడికి గండికొట్టుకొనిన, మిగిలినవారు తామును గండ్లు కొట్టుదురా, లేక ఊరి కట్టుబాటును నిలుపుదురా? గండ్లు కొట్టిన చెఱువు మిగులదని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1995లో ఆ యొడంబడికను ఆమోదించిన భారతదేశము ఉమ్మడి కట్టుబాటు పక్షమున నిలువవలయును.

కావున మేము ప్రభుత్వమును కోరునది నాలుగు మాటలలో చెప్పెదము. మొదటిది: మన యధీనమందున్న 75,000 చదరపు కిలోమీటర్లలోని జీవుల పట్టికను, జల్లెడకు చిక్కని ఏకకణజీవులను సయితము ఉన్నచోటనే ఛాయాచిత్రములు తీసి చేర్చి, ఏటేట పార్లమెంటు ముందుంచవలెను, దాని సారాంశమును తెలుగు మొదలగు దేశభాషలలో ప్రచురింపవలెను. రెండవది: ఆ నేలలో మంచి భాగమును, ఉండలు మెండుగానున్న భాగమునే, శాశ్వతముగా ముట్టక విడువవలెను, పనికిరాని మూలలను విడిచి దానము చేసితిమనుట ధర్మము కాదు. మూడవది: 1997లో మన శాస్త్రజ్ఞులు ఆ నేలను కొంత కలచి ఫలితములను పరీక్షించిరి, అట్టి పరీక్షలు దశాబ్దములపాటు సాగి, ఫలితములు తెలిసినవఱకు వ్యాపారముగా త్రవ్వుటకు పూనుకొనరాదు. నాలుగవది: జీవులను గుర్తించి పేరు పెట్టగల విద్య మన విశ్వవిద్యాలయములలో బలపడవలెను. సముద్రవిజ్ఞానసంస్థకు శాఖయు, ఆ శాస్త్రమున పాతసంప్రదాయము గల విశ్వవిద్యాలయమును ఉన్న విశాఖపట్టణము ఇందుకు తగిన తావు. 1883లో మొదటి పేరు పరాయివారు పెట్టిరి. మన సముద్రపు ప్రాణులకు పేళ్లు మన పిల్లలు పెట్టునట్లు చేయుటయు స్వరాజ్యమే.

లోతు సముద్రములను శోధించు కార్యక్రమమునకు 2021లో కేంద్రప్రభుత్వము 4,077 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ముగ్గురు మనుష్యులను 6,000 మీటర్ల లోతునకు గొనిపోవుటకై నిర్మింపబడుచున్న వాహనమునకు మత్స్య అని పేరిడిరి. 2021లో హిందూమహాసముద్రమున 5,270 మీటర్ల లోతున నడిపి చూచిన త్రవ్వకపు యంత్రమునకు వరాహ అని పేరిడిరి. పేరు పెట్టినవారు పురాణమెఱిగినవారే. మత్స్యావతారము ప్రళయజలములలో దిగినది సమస్తజీవుల బీజములను కాపాడుటకు. వరాహావతారము సముద్రమున మునిగినది అందు మునిగియున్న భూదేవిని కోరపై నిలిపి రక్షించుటకు. ముందు మత్స్యము, పిదప వరాహమను అవతారక్రమమును సయితము మనవారు మఱవకుందురు గాక. మొదట జీవులను చూచివచ్చు వాహనము పోవలెను. అది చెప్పిన మాటను విని గాని యంత్రము కదలరాదు. బురదనే ఇల్లుగా, రాలినదానినే అన్నముగా జేసికొని, ఎవరి సొత్తునకును పోక చీకటిలో బ్రదుకుచున్న ఆ జానెడు కణము మనలను కోరునది దయ కాదు; తానున్నదని లెక్కింపుమనుట మాత్రమే. లెక్కింపబడక నలిగినవారి సంతతి యగు మనము ఆ కోరికను కాదనజాలము.